యూఎక్స్ డిజైన్, ఫ్రంటెండ్ వైపు రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

"ఫిగ్మా నేర్చుకోమంటారా, రియాక్ట్ నేర్చుకోమంటారా, ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరమంటారు?" యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియెన్స్) డిజైన్‌లోకి, యూజర్‌కి కనిపించే భాగానికి కోడ్ రాసే ఫ్రంటెండ్‌లోకి రావాలనుకునేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే. స్క్రీన్లు గీసే టూల్ ఫిగ్మా, ఫ్రంటెండ్ కోడ్‌కి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్, రెండూ నేర్చుకోవాల్సిందే, కానీ వాటితో మొదలుపెట్టకండి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరు ఫోన్‌లో ఏదో ఒక పని పూర్తి చెయ్యలేక అవస్థ పడుతుంటారు. ఆ ఒక్క పనిని పట్టుకోండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి, దాన్ని మీరే మళ్ళీ డిజైన్ చెయ్యండి, మీరే కోడ్ రాసి లైవ్‌లో పెట్టండి, మళ్ళీ వాళ్ళ చేతికే ఇచ్చి చూడండి. ఇలా మొదటి నుంచి చివరిదాకా చేసిన ప్రాజెక్టు ఒక్కటి ఉంటే ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడటానికి మీ దగ్గర విషయం ఉంటుంది. సర్టిఫికెట్ గురించి ఎవరూ రెండు నిమిషాలకి మించి అడగరు.

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళని, టెస్టింగ్‌లోనో సపోర్టులోనో కొన్నేళ్ళు చేసి విసిగిపోయినవాళ్ళని, పిల్లల కోసం ఉద్యోగం మానేసి మళ్ళీ రావాలనుకుంటున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఉద్యోగాల పేర్లు చూసి మోసపోవద్దు

మన దగ్గర జాబ్ పోస్టుల్లో పేర్లు చాలా గందరగోళంగా ఉంటాయి. "యూఐ డెవలపర్" అని ఉంటే చాలా కంపెనీల్లో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ రాసే ఫ్రంటెండ్ ఉద్యోగమే. "యూఐ యూఎక్స్ డిజైనర్" అంటే ఎక్కువగా ఫిగ్మాలో స్క్రీన్లు చేసే పని. "ప్రొడక్ట్ డిజైనర్" అన్నచోట యూజర్లతో మాట్లాడటం, ఏం కట్టాలో ఏం కట్టకూడదో తేల్చడం కూడా మీ మీదే పడుతుంది. "యూఎక్స్ ఇంజనీర్" అంటే డిజైన్, కోడ్ రెండూ తెలిసి, రెండు టీమ్‌ల మధ్య పనిచేసే మనిషి. కాబట్టి హెడ్డింగ్ చూసి అప్లై చెయ్యకుండా కింద రాసిన పనులు పూర్తిగా చదవండి. చివరికి ఏదో ఒక వైపు మొగ్గాల్సి వస్తుంది, అది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఆరు నెలలు రెండూ చేశాక మీకే తెలుస్తుంది, రాత్రి పదకొండైనా లేవబుద్ధి కాకుండా చేస్తున్న పని ఏదో.

యూజర్ ఎక్స్‌పీరియెన్స్ అనే మాటని ప్రచారంలోకి తెచ్చింది డిజైన్ పరిశోధకుడు డాన్ నార్మన్. 1993లో యాపిల్‌లో పనిచేస్తున్నప్పుడు తన హోదాలోనే ఆ మాట పెట్టుకున్నారు. స్క్రీన్ ఒక్కటే సరిపోదు, ఆ వస్తువుతో మనిషికి ఎదురయ్యేదంతా లెక్కలోకి రావాలని ఆయన ఉద్దేశం. అది ఎంత నిజమో మీరు ఎవరి పక్కనైనా పది నిమిషాలు కూర్చుంటే అర్థమైపోతుంది.

పక్కన కూర్చోండి, నోరు విప్పకండి

ఒకసారి మా పిన్ని ఫోన్‌లో కరెంటు బిల్లు కడుతుంటే పక్కనే కూర్చున్నాను. మొదటి బాక్సులోనే ఆగిపోయింది. సర్వీస్ నంబర్ కొట్టమంటోంది, చేతిలో ఉన్న బిల్లు కాగితం మీద చూస్తే మూడు నాలుగు నంబర్లు ఉన్నాయి, పైగా థర్మల్ ప్రింటు కాబట్టి సగం అక్షరాలు వెలిసిపోయాయి. ఏదో ఒకటి చూసి, కాగితం మీద ఉన్నట్టే మధ్యలో ఖాళీలు వదులుతూ కొట్టింది. "ఇన్వాలిడ్ ఇన్‌పుట్" అని ఎర్రగా వచ్చింది. నంబర్ తప్పా, తను కొట్టిన పద్ధతి తప్పా, తనకి తెలిసే దారే లేదు. రెండుసార్లు ప్రయత్నించి "రేపు సెంటర్‌కి వెళ్ళి కట్టేస్తాలే" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

అక్కడ నేను గమనించినవాటిని పనులుగా మారిస్తే ఇలా ఉంటాయి. బాక్సు పక్కనే బిల్లు బొమ్మ పెట్టి, ఏ నంబరో దాని చుట్టూ గీత గీసి చూపించాలి. అది డిజైన్. మనిషి ఖాళీలు వదిలినా, గీతలు పెట్టినా కోడ్ వాటిని తీసేసి అంకెలు మాత్రం తీసుకోవాలి. అది ఫ్రంటెండ్, ఒక్క లైను పని. నిజంగానే అంకె తక్కువైతే "ఇందులో ఒక అంకె తగ్గింది, బిల్లు మీద మళ్ళీ చూడండి" అని బాక్సు కిందే చెప్పాలి. అది రాయడం తెలిసినవాళ్ళ పని, ఆ రాతని యూఎక్స్ రైటింగ్ అంటారు, దానికి పెద్ద కంపెనీల్లో వేరే ఉద్యోగాలే ఉన్నాయి. అంకెలు కొట్టే బాక్సు కాబట్టి నంబర్ల కీబోర్డు రావాలి, దానికి హెచ్‌టీఎంఎల్‌లో ఇన్‌పుట్‌మోడ్‌ని న్యూమరిక్ అని పెడితే చాలు. ఇన్‌పుట్ టైప్‌నే నంబర్ అని పెట్టొద్దు, అది కూడికలు తీసివేతలు చేసే సంఖ్యలకి, ఇలాంటి గుర్తింపు నంబర్లకి పనికిరాదు. ఆ బాక్సులో అక్షరాల సైజు 16 పిక్సెళ్ళ కంటే తగ్గిస్తే ఐఫోన్ సఫారీలో ముట్టుకోగానే పేజీ జూమ్ అయిపోతుంది. ఓటీపీ బాక్సుకి ఆటోకంప్లీట్‌లో వన్ టైమ్ కోడ్ అని ఇస్తే, మెసేజ్‌లో వచ్చిన అంకెల్ని ఐఫోన్ కీబోర్డు మీదే చూపిస్తుంది, యూజర్ మెసేజ్‌ల యాప్‌లోకి వెళ్ళి వెనక్కి వచ్చే బాధ ఉండదు.

ఒక్క బాక్సు చుట్టూ ఇంత ఉంది. డిజైన్, కోడ్ కలిపి నేర్చుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఫిగ్మాలో అందమైన బాక్సు గీసినవాళ్ళకి ఖాళీల సంగతి తట్టదు, కోడ్ రాసినవాళ్ళు వెలిసిపోయిన బిల్లుని ఎప్పుడూ చూసి ఉండరు.

మీరు ఇలాంటి పరిశీలన చేసేటప్పుడు పాటించాల్సింది ఒకటే నియమం: పని చెప్పండి, తర్వాత సాయం చెయ్యకండి. "అక్కడ నొక్కు" అన్నారంటే ఆ టెస్టు అయిపోయినట్టే. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "నాకు రాదమ్మా, నువ్వే చెయ్యి" అని ఫోన్ చేతిలో పెట్టేస్తారు కాబట్టి ముందే చెప్పండి, పరీక్ష ఆ యాప్‌కి, మీకు కాదు అని. వాళ్ళ వేలు ఎక్కడ ఆగింది, ఏం చదివి ఏమనుకున్నారు, ఎక్కడ వెనక్కి వెళ్ళారు, ఇవన్నీ రాసుకోండి. ఒప్పుకుంటే స్క్రీన్ రికార్డు చెయ్యండి, ఒప్పుకోకపోతే వద్దు. ఇలా ఎంతమందిని చూడాలంటే, యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఐదుగురితో చేస్తే పెద్ద సమస్యలు చాలావరకు బయటపడతాయి, ఒకేసారి పదిహేనుమందితో చేసే బదులు ఐదుగురితో చేసి, సరిదిద్ది, మళ్ళీ ఐదుగురితో చెయ్యడం మేలు.

ఇంకో చోటు చెప్తాను, ఇది మనవాళ్ళకి బాగా తెలిసిన బాధ. ఫారంలో "ఫస్ట్ నేమ్", "లాస్ట్ నేమ్". మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామందికి అది ఒక్క అక్షరంగానే ఉంటుంది, ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడిపోయి అమెరికా వెళ్ళినవాళ్ళకి వీసా మీద ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అనే అర్థంతో "ఎఫ్ఎన్‌యూ" అని వచ్చి, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర, బ్యాంకు దగ్గర ఏళ్ళ తరబడి వివరణ ఇచ్చుకుంటూ ఉండటం మీరు వినే ఉంటారు. మీరు కట్టే ఫారంలో "పూర్తి పేరు, ఆధార్‌లో ఉన్నట్టే" అని ఒక్క బాక్సు పెట్టండి. రెండు గడులు ఎందుకు తీసేశారని ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే అంతకంటే మంచి ప్రశ్న మీకు దొరకదు.

కోడ్ ఏ వరసలో

చాలామంది నేరుగా రియాక్ట్‌లోకి దూకుతారు. జాబ్ పోస్టుల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి వాళ్ళని తప్పు పట్టలేం. కానీ రియాక్ట్ వచ్చింది 2013లో, దాని కింద ఉన్న హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ తొంభైల నుంచీ ఉన్నాయి, రేపు రియాక్ట్ పోయి ఇంకోటి వచ్చినా అవే ఉంటాయి. వాటికి కనీసం మూడు నాలుగు నెలలు ఇవ్వండి.

హెచ్‌టీఎంఎల్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. బటన్ కావాల్సిన చోట డివ్ అనే ఉత్త డబ్బా ట్యాగ్ పెట్టి దానికి క్లిక్ తగిలిస్తే చూడటానికి తేడా ఉండదు, కానీ కీబోర్డుతో ట్యాబ్ కొడుతూ వచ్చేవాళ్ళకి అది దొరకదు, ఎంటర్ కొడితే పనిచెయ్యదు, చూపులేనివాళ్ళకి తెరమీది రాతని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చదవదు. అసలైన బటన్ ట్యాగ్ వాడితే ఇవన్నీ ఉచితంగా వస్తాయి. అలాగే ప్రతి ఇన్‌పుట్‌కీ లేబుల్. బాక్సులో బూడిద రంగులో కనిపించే ప్లేస్‌హోల్డర్‌ని లేబుల్‌గా వాడొద్దు, టైప్ చెయ్యడం మొదలుపెట్టగానే అది మాయమైపోతుంది, మధ్యలో ఫోన్ వస్తే తిరిగొచ్చి చూసేసరికి ఏ బాక్సు దేనికో గుర్తుండదు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్లు ఆన్ చేసి, కళ్ళు మూసుకుని మీ పేజీని ఒకసారి వినండి. ఈ ఒక్క అభ్యాసం చేసే ఫ్రెషర్లు చాలా తక్కువ, చేసినవాళ్ళు మాటల్లోనే తెలిసిపోతారు.

సీఎస్‌ఎస్‌లో పేజీ భాగాల్ని అమర్చే పద్ధతులు ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ రెండూ చేతికి అలవాటు కావాలి. అదే వారంలో ఫిగ్మాలో ఆటో లేఅవుట్ నేర్చుకోండి, అది ఫ్లెక్స్‌బాక్స్ ఆలోచనే కాబట్టి ఒకటి రెండోదాన్ని అర్థం చేయిస్తుంది. ఫిగ్మాలో కాంపొనెంట్లు, వేరియంట్లు, వేరియబుల్స్ వస్తే మొదలుపెట్టడానికి సరిపోతుంది, ఉచిత ప్లాన్ చాలు. రంగుల విషయంలో రుచి తర్వాత, ముందు కనిపించాలి. మామూలు సైజు అక్షరాలకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య కాంట్రాస్టు కనీసం 4.5:1 ఉండాలని, వెబ్ అందరూ వాడగలిగేలా ఉండటానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెప్తోంది. తెల్లటి పేజీ మీద 999999 అనే బూడిద రంగు అది దాటదు, 767676 అంచు మీద దాటుతుంది. మే నెల ఎండలో బస్టాండ్‌లో నిలబడి ఫోన్ చూసేవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది.

జావాస్క్రిప్ట్‌లో డామ్ (పేజీ భాగాల్ని కోడ్‌కి అందించేది), ఈవెంట్లు, ఫెచ్, ప్రామిస్‌లు, ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలి అన్నవాటి మీద కూర్చోండి. తర్వాత రియాక్ట్, దానితోపాటే టైప్‌స్క్రిప్ట్. కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్ మాత్రం మొదటి వారం నుంచే వాడండి. చదవడానికి ఎండీఎన్ సైటు, చేసి నేర్చుకోవడానికి ఫ్రీకోడ్‌క్యాంప్ సైటు, రెండూ ఉచితమే, వీటిని పూర్తిగా వాడినవాళ్ళకి ఇంకో డబ్బు కోర్సు అవసరం పడటం నేను పెద్దగా చూడలేదు.

పేజీ తయారయ్యాక క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ స్పీడ్ తగ్గించి తెరవండి, వీలైతే పాత చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూడండి. ప్రధానమైన భాగం 2.5 సెకన్ల లోపు కనిపించాలి, నొక్కిన దానికి 200 మిల్లీసెకన్ల లోపు స్పందన రావాలి అని గూగుల్ పెట్టిన కొలతలు ఉన్నాయి, డెవ్‌టూల్స్‌లోనే పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో చూసుకోవచ్చు. లోడ్ అవుతున్నప్పుడు, నెట్ పోయినప్పుడు, జాబితా ఖాళీగా ఉన్నప్పుడు, సర్వర్ తిరస్కరించినప్పుడు స్క్రీన్ ఎలా ఉండాలో ముందే గీసుకోండి. అంతా సవ్యంగా నడిచే స్క్రీన్ ఒక్కటే గీసి ఇచ్చే డిజైనర్లతో డెవలపర్లు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

తెలుగులో చేసి చూడండి

మీ ప్రాజెక్టు తెలుగులో కూడా నడిచేలా చెయ్యండి. మన లిపి తెలిసిన ఫ్రంటెండ్ మనిషి కనిపెట్టగలిగినవి వేరేవాళ్ళు కనిపెట్టలేరు. ఇంగ్లిషుకి సరిపోయే 1.2 లైన్ హైట్ తెలుగుకి చాలదు, పై లైను ఒత్తులు వచ్చి కింది లైను గుడుల మీద పడతాయి, బటన్లలో ఒత్తులు సగానికి తెగిపోతాయి. 1.6 దగ్గర మొదలుపెట్టి చూసుకుంటూ వెళ్ళండి. అక్షరం సైజు కూడా పక్కనున్న ఇంగ్లిషు కంటే ఒకటి రెండు పిక్సెళ్ళు పెంచాల్సి రావచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగా ఉన్నాయి. చదవడానికి మొదటి రెండు, పెద్ద హెడ్డింగులకి రామభద్ర బాగుంటాయని నా అభిప్రాయం. బటన్‌కి వెడల్పు ఫిక్స్ చేసి పెట్టొద్దు, తెలుగు మాట పొడవైతే బయటికి పొంగుతుంది. పేజీ భాష చెప్పే లాంగ్ (lang) అట్రిబ్యూట్‌లో తెలుగు అని చెప్పండి, లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగుని ఇంగ్లిషు గొంతుతో చదవబోతుంది.

ఇంకా లోతుకి వెళ్తే, జావాస్క్రిప్ట్‌లో "స్త్రీ" అనే మాట పొడవెంతో అడిగి చూడండి. కంటికి కనిపించేది ఒక్క అక్షరం, జవాబు మాత్రం 6 వస్తుంది, ఎందుకంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా లెక్కపడతాయి. ఇప్పుడు టైటిల్‌ని ఇన్ని అక్షరాల దగ్గర కత్తిరించి చుక్కలు పెట్టే కోడ్ తెలుగు మీద నడిస్తే ఏమవుతుందో ఊహించండి, ఒత్తు మధ్యలో తెగి పొల్లు మిగులుతుంది. దీనికి, అక్షరాల్ని కంటికి కనిపించినట్టు విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) బ్రౌజర్లలో ఉంది. అంకెలకి లొకేల్‌ని, అంటే ప్రాంతాన్ని, ఇండియాకి పెడితే 12,34,567 అని మన లక్షల పద్ధతిలో కామాలు పడతాయి. ఇలాంటివి పోర్ట్‌ఫోలియోలో స్క్రీన్‌షాట్‌తో పెట్టినవాళ్ళని నేనైతే తప్పకుండా ఇంటర్వ్యూకి పిలుస్తాను.

పోర్ట్‌ఫోలియో, ఇంటర్వ్యూ

రెండు ప్రాజెక్టులు చాలు. అందరికీ తెలిసిన సినిమాల యాప్‌నో ఫుడ్ యాప్‌నో రీడిజైన్ చేసి పెట్టకండి, ఆ కంపెనీ ఎందుకలా చేసిందో మీకు తెలియదు, అడిగితే చెప్పలేరు. మీ కరెంటు బిల్లు పేజీయో, మీ ఊరి డయాగ్నొస్టిక్ సెంటర్ అపాయింట్‌మెంట్ ఫారమో తీసుకుని వరసగా రాయండి: ఎవరిని చూశారు, ఎక్కడ ఆగారు, ఏం మార్చారు, మార్చాక మళ్ళీ చూస్తే ఏం జరిగింది, ఏది ఇంకా కుదరలేదు. కుదరనిది దాచొద్దు. చూసినవాళ్ళ పేర్లు, వాళ్ళ సర్వీస్ నంబర్లు మాత్రం కనపడనివ్వకండి. లైవ్ లింకు, గిట్‌హబ్ లింకు రెండూ ఇవ్వండి. గిట్‌హబ్ పేజెస్, నెట్లిఫై, వెర్సెల్ ఏదైనా ఉచితంగా నడుస్తుంది.

ఫ్రంటెండ్ ఇంటర్వ్యూల్లో క్లోజర్లు, ఈవెంట్ లూప్, డిబౌన్స్ లాంటి జావాస్క్రిప్ట్ విషయాలు అడుగుతారు, ఒక సెర్చ్ బాక్సునో, ట్యాబుల వరసనో అక్కడికక్కడే కట్టమంటారు. డిజైన్ ఇంటర్వ్యూల్లో ఏదో ఒక యాప్ తెరిచి విమర్శించమంటారు. అప్పుడు "రంగు బాగోలేదు" అనకండి, ఎవరు ఏ పని చేస్తూ ఎక్కడ ఇబ్బంది పడతారో చెప్పండి.

కోడ్ ఏఐ రాసేస్తోంది కదా, ఇక మనమెందుకు అని అడిగేవాళ్ళూ ఉన్నారు. వాడండి, నేనూ వాడతాను. అది ఇచ్చిన ప్రతి లైనూ ఎందుకుందో చెప్పగలగాలి, బటన్‌కి బదులు డివ్ ఇచ్చిందో లేదో మీ కన్నే పట్టుకోవాలి. మా పిన్ని బిల్లు కాగితం పట్టుకుని ఏం చేసిందో మాత్రం దానికి తెలియదు, అది మీరే వెళ్ళి చూడాలి.

కోర్సులు, డబ్బు

అమీర్‌పేటలో చేరడం తప్పేమీ కాదు, ఇంట్లో కూర్చుంటే చదవలేనివాళ్ళకి రోజూ ఒక చోటికి వెళ్ళడమే సాయం. చేరేముందు డెమో క్లాసులో కూర్చుని, గత బ్యాచ్‌వాళ్ళు కట్టిన లైవ్ ప్రాజెక్టులు చూపించమనండి. అందరివీ ఒకే ప్రాజెక్టు అయితే లేచి వచ్చెయ్యండి. "మూడేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం", "బ్యాక్‌డోర్‌లో జాబ్ ఇప్పిస్తాం, ఇంత కట్టండి" అనేవాళ్ళ దగ్గరికి దయచేసి వెళ్ళొద్దు. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి, దొరికితే ఉద్యోగం పోవడంతో ఆగదు, ఆ మచ్చ తర్వాత కంపెనీ దాకా వస్తుంది.

డిజైన్‌లోనే లోతుగా వెళ్ళాలనుకుంటే, రెండేళ్ళు చదవగలిగితే, ఎం.డెస్. (మాస్టర్ ఆఫ్ డిజైన్) ఆలోచించండి. దాని ప్రవేశ పరీక్ష సీడ్ రాస్తే ఐఐటీ హైదరాబాద్‌ డిజైన్ విభాగంలోనూ చేరే అవకాశం ఉంది. ఇంటర్ పిల్లలకైతే బి.డెస్. (బ్యాచిలర్ ఆఫ్ డిజైన్) కోసం యూసీడ్ పరీక్ష, ఎన్ఐడీల (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) కోసం వేరే పరీక్ష ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్ఐడీ ఉంది. ఇవేవీ లేకుండా మంచి స్థాయికి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది తప్పనిసరి అనుకోవద్దు.

ఇప్పటికే టెస్టింగ్‌లోనో సపోర్టులోనో ఉన్నవాళ్ళు ఉద్యోగం మానెయ్యకండి. యూజర్లు ఎక్కడ తిట్టుకుంటున్నారో కంపెనీలో అందరికంటే మీకే బాగా తెలుసు. నెలకి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటి తీసుకుని, స్క్రీన్ ఎలా మారిస్తే అది తగ్గుతుందో ఒక పేజీలో రాసి, చిన్న ప్రొటోటైప్‌తో మీ డిజైన్ టీమ్‌కి చూపించండి. లోపలి నుంచి మారడం బయట అప్లై చెయ్యడం కంటే తేలిక.

బయట చిన్న పనులు తీసుకుంటే, డెంటల్ క్లినిక్ వెబ్‌సైటైనా సరే, ఏమేం చేస్తారో, ఎన్నిసార్లు మారుస్తారో వాట్సాప్‌లోనైనా రాసి పంపి, మొహమాటం లేకుండా సగం అడ్వాన్సు తీసుకోండి. తెలిసినవాళ్ళయితే మరీ ముఖ్యం. ఇక మొదటి ఉద్యోగానికి ఆఫర్ వచ్చినప్పుడు జీతంతోపాటు రెండు సంగతులు అడగండి: నా పనిని ఎవరు రివ్యూ చేస్తారు, యూజర్లని చూసే అవకాశం నాకు ఉంటుందా. రెండింటికీ సరైన జవాబున్న చోటికి నెలకి కొంచెం తక్కువొచ్చినా వెళ్ళండి.